భీముకు చుట్టిన బుక్కు

ఏందే అఖిలా, గడపల్నే నిలవడ్డవు? లోపటికి రా. గా చాట మీద కాలు వెట్టకు, ఆకు కత్తిరించి పెట్టిన. ఇగో, గిట్ల గోడకు కూసో. జగిత్యాల కాలేజిల పాఠాలు చెప్పి గట్లనే అచ్చుడా? బస్సుల జాగ దొరికిందా, లేకుంటె కోరుట్ల దాక నిలవడే అచ్చినవా? మొకం గుంజుకపోయింది పిల్లది. నీళ్లు తాగు ముందుగాల. నేను చేతులు ఆపనే బిడ్డా, ఏమనుకోకు, బీడీలు చుట్టుకుంటనే మాట్లాడుత, చేతులాగితె నాకు నోరు గుడ ఆగుతది. ఊ, చెప్పు. ఏందీ? మహిపాల్ మామ ఏయే కంప్యూటర్ బుక్కులు సదువుమనేటోడు అనా? గా పేర్లు కావాల్నా నీకు? ఎవలడగమన్నరే? మీ బాపా? మీ బాపు అడుగుమన్నడా!

ఆగు, నన్ను జర నవ్వనియ్యి. నాకు కోపమస్తె ముందుగాల నవ్వే అస్తది, అటెన్కనే అస్తయి తిట్లు. గిన్నేండ్లకు మీ బాపు తిరుపతికి బావ యాదికచ్చిండన్నట్టు! నిన్న మీ అమ్మ ఫోన్ల ఫ్లెక్సీ బొమ్మ పంపింది, పక్కింటి పిల్ల చూపెట్టింది నాకు. మీ బాపు తెల్లంగి ఏసుకోని రెండు చేతులు జోడిచ్చి నిలువెత్తు నిలవడ్డడు. మా తమ్ముడు మహిపాల్ ఏడున్నడని దేవులాడితె మూలకున్నడు, బొట్టుబిళ్లంత. మహిపాల్ స్మారక డిజిటల్ లైబ్రరి, సిరిసిల్ల. దాని గోడకు బోర్డు గుడ వెడ్తరట, మహిపాల్ గారు మెచ్చిన పుస్తకాలు అని. గా బోర్డు రాసే పని నీకచ్చిందా పాపం. నన్నేమో దీపం ముట్టియ్య రమ్మన్నడు. అస్త, ఎందుకు రాను? నేనస్తె ఏం ముట్టిస్తనో మీ బాపుకు ఎర్క లేదు. ఏ, బుగులు వడకు, ఉత్తగనే అంటున్న. గని నువ్వడిగినవు గాబట్టి ఇనిపో. మీ బాపు చెప్పేది నువ్వు శానా ఇన్నవు, నాది గుడ ఇను.

నీకు మామ మొకం యాదుండది. నువ్వప్పుడు ఉయ్యాలల ఉన్నవు. నాకు తమ్ముడు, మీ అమ్మకు అన్న, మా ముగ్గుర్ల సదువబ్బింది వానికొక్కనికే. జగిత్యాలల డిగ్రీ చేసి మస్కట్ పోయిండు. ఎండల పని కాదు, ఆఫీసుల కూసోని కంప్యూటర్ల లెక్కలు కొట్టుడు. నా కొడుకు ఏసీల ఉంటడని మా అవ్వ వాడకట్టంత చెప్పుకున్నది. ఇగ గల్ఫుకెల్లి మనిషి అస్తె ఎట్లుంటదో నీకు ఎర్కేనాయె. పెద్ద అట్టడబ్బ, దానికి అడ్డం పొడుగు తాడు, మీద నల్ల మార్కర్ తోని పేరు, ఊరు. డబ్బ ఇప్పుడంటె ఇంట్ల లగ్గమే. చుట్టాలందరు ముందటికచ్చి కూసుంటరు. ఒకలకు కంబలి, ఒకలకు అత్తరు, ఒకలకు టార్చిలైటు, తలా ఒకటి చేతుల వెట్టాలె, వెట్టకుంటె జన్మంత అనిపించుకోవాలె. మహిపాల్ అచ్చిన్నాడు సిరిసిల్ల ఇల్లు నిండిపోయింది. నేను గుడ గీ కోరుట్లకెల్లి పొద్దుగాల బస్సుకే పోయిన. మీ బాపు అప్పుడు కొత్తల్లుడు, టేపురికార్డర్ అస్తదని ఇస్త్రి అంగి ఏసుకోని ముందటి వరుసల కూసున్నడు. మా అవ్వ తాడు కోసింది. అట్ట లేపింది. బుక్కులు. పైన బుక్కులు, అడుగున బుక్కులు, నడుమల వాని రెండంగీలు. ఇటుకలంత లావున్నయి ఒక్కొక్కటి. అవ్వ ఒకదాన్ని తీసి అటు తిప్పింది, ఇటు తిప్పింది, డబ్బ అడుగుకు చెయ్యి వెట్టి దేవులాడింది. 'కంబలేదిరా?' అన్నది. 'గివ్వే తెచ్చిన్నే అవ్వా' అన్నడు వాడు, పెద్ద ఘనకార్యం చేసినట్టు. చుట్టాలు చాయ్ తాగి ఒకలెంక ఒకలు జారుకున్నరు. అవ్వ శానొద్దులు వానితోని మాట్లాడనే లేదు. మీ బాపైతె గా టేపురికార్డర్ ముచ్చట ఇయ్యాల్టికీ మరువలే, కావాలంటె అడుగు.

గా బుక్కులు ఎక్కడియంటె, వాని ఆఫీసుల ఒక మలయాళపాయన ఉండెనట. ముసలాయన. కంప్యూటర్ ఒక్కటే గదంత ఉన్న కాలంకెల్లి పని చేసినోడట. ఆయన నౌకరి ఇడిసి పోతాంటె తన బుక్కులు మావోనికిచ్చి, వీటిని నేను వెట్టిన వరుసల సదువు, మొదటిది సదువక రెండోది ముట్టకు అని చెప్పిండట. ఆయనేదో మంచికి చెప్పిండు. గని మావోడు ఎసొంటోడంటె, ఒక మాట నెత్తిలకు వోతె ఇగ తీసేటోడు లేడు. మొండి ముండాకొడుకు. సచ్చినోన్ని తిట్టద్దంటరు, నేను తిడుత. నా తమ్ముడు, నా ఇష్టం.

గల్ఫు ఇడిసిపెట్టి ఈడ్నే, మన కోరుట్ల బస్టాండు ఎదురుంగ హోటల్ మీది గదిల కంప్యూటర్ ఇనిస్టూట్ వెట్టిండు. గప్పుడు గదే జోరు. దుబాయ్ పోవాల్నంటె కంప్యూటర్ కాయితం చేతుల ఉండాలె, ఉంటె ఎండల నిలవడే పని తప్పుతదని అందరికి ఆశ. కథలాపూర్ దిక్కుకెల్లి గుడ పోరగాండ్లచ్చిండ్రు. చూడాలె నువ్వు, మెట్ల మీద చెప్పులు వట్టకపోయేటియి. ఇగ మావోడు ఏం చేసిండు? కంప్యూటర్ల మీద బట్ట కప్పి పెట్టి, పోరగాండ్లను కింద చాప మీద కూసోవెట్టి, మొదటి బుక్కు తీసిండు. 'గీ మిషన్ ఎట్ల పుట్టిందో ముందు ఇనుండ్రి. అటెన్క అది ఏం చేస్తది, ఏం చెయ్యలేదు, గా సంగతి ఇనుండ్రి. అటెన్క బట్ట తీస్త' అన్నడు. ఒక నెల ఆయె, బట్ట తియ్యలే. ఒక పిలగాని నాయిన అచ్చి లొల్లి. 'సారూ, మావోడు వీసా కోసం అచ్చిండా పురాణం ఇనేతందుకు అచ్చిండా? గా బటన్లు ఒత్తుడు నేర్పియ్యి సాలు.' మావోడు ఏమన్నడో ఎర్కేనా? 'బటన్లు ఒత్తుడు కోతికి గుడ అస్తది' అన్నడు. మొకం మీద అన్నడే! గా పెద్దమనిషి కొడుకు రెక్క వట్టుకోని గుంజుకపోయిండు, ఎంబడి సగం మంది పోయిండ్రు. నేను తిట్టిన. ఓరి, పొద్దుగాల బటన్లు నేర్పు, పొద్దుమీకి నీ పురాణం చెప్పు, ఎవలద్దన్నరు అన్న. 'కాదక్కా, వరుస తప్పుతది' అన్నడు. వరుస! వాన్ని తిన్నది గా వరుసనే.

అటు జగిత్యాలల ఒకాయన ఇనిస్టూట్ నడుపుతుండె, పేరెందుకు తియ్యి, టై కట్టుకునేటోడు. మావోని దగ్గరికెల్లి పోయినోళ్లందరు ఆయన దగ్గరికే పోయిండ్రు. ఆయన అందరికి చెప్పిండట, 'మహిపాల్ దగ్గరున్నయి పాత బుక్కులు. కంప్యూటర్ బుక్కంటె పంచాంగం అసొంటిది, ఏడాది దాటితె చిత్తు కాయితమే' అని. ఇగ ఊరు ఊరంత గదే మాట వట్టుకున్నది. ఉగాది వోతె పాత పంచాంగం పారేస్తం గద, గట్లనే ఇది గుడ అనుకున్నరు. మీ బాపు గుడ గదే అనుకున్నడు. గీ మాట ఇన్నప్పుడు చూడాలె మా తమ్ముని కోపం! తినే కంచం జరిపిండు. 'అక్కా, మిషన్ మారుతదే, దినాం మారుతది. గది ఎందుకు పని చేస్తది అన్నది మారది. గా బుక్కులల్ల ఉన్నది గదే. వంద ఏండ్లకైనా గదే' అన్నడు. నాకేం సమజైందో కాలేదో గని, వాడు గంత ఉడుకుతాంటె అబద్ధమైతె కాదనిపిచ్చింది.

ఇనిస్టూట్ల మనిషి లేక, మావోడు పొద్దంత నా ఇంట్లనే ఉండుడు మొదలువెట్టిండు. గీ వాకిట్ల మేం వాడకట్టు ఆడోళ్లం చాటలేసుకోని బీడీలు చుడుతుంటిమి. వాడు గా అర్రల కూసోని ఒక్కడే గొనుక్కుంట సదువుతుండె. ఒకనాడు మా చిన్నవ్వ, గీ ఎదురింటి చిన్నవ్వే, నీకెర్కే గద, అది ఒర్రింది. 'ఏం మహిపాలూ, ఒక్కనివే నవ్వుకుంటున్నవు, మాకు గుడ చెప్పరాదు' అన్నది. గంతే. బుక్కు వట్టుకోని బయటికచ్చి గీ గడప మీద కూసున్నడు. బుక్కు ఇంగ్లీషుల, నోరు తెలుగుల. గట్ల మొదలైంది. మాకేం పని, చేతులకుండె, చెవులు ఖాళీయే గద.

ఏం చెప్తుండె అంటవా? ఎనకట ఒక దొర, గడియారంల ఉండే అసొంటి ఇత్తడి పండ్ల చక్రాలతోని లెక్కలు చేసే మిషన్ చేస్తనని బయలెల్లి, సర్కారోళ్లను ఏండ్లకేండ్లు తిప్పి, మిస్త్రితోని లొల్లి వెట్టుకోని, ఆఖరికి పూర్తే చెయ్యలేదట. చిన్నవ్వ నోట్లె బట్ట వెట్టుకోని నవ్వుడు, 'అచ్చం మా ఇంటి గోడ కట్టిన మేస్త్రి' అని. మల్ల ఒక ఆడమనిషి ఉండెనట, గా మిషన్ ఇంక లేనే లేదు, అది ఉంటె దానికి పని ఎట్ల చెప్పాల్నో రాసి పెట్టిందట. గది ఇన్నప్పుడు అందరం ఒక్కసారి చేతులాపినం. అట్టలకు బొక్కలు గొట్టి చీరె మీద పూలు నేసే మగ్గం ముచ్చట గుడ అచ్చింది. నేను సిరిసిల్ల దాన్ని గద, జర గర్వమైంది నాకు, ఎందుకో ఏమో. వాడు సదువుతాంటె గిట్ల పొద్దువోయేది తెల్వకపోయేది. కార్ఖానాల బీడీలు కొంచవోయి ఇచ్చేటప్పుడు గుడ గదే ముచ్చట మాకు, గా మిషన్ అయిందా కాలేదా, గా మనిషేమైండు అని. మా సోపతోళ్లకు ఎర్రి లేసిందనుకున్నరు అక్కడోళ్లు. గా నవ్విన దినాలు మల్ల రాలేదే నాకు. ఉన్నమాట.

ఇగ అసలు ముచ్చట. గా రోజు వాడొక ప్రశ్న కాడికి అచ్చిండు. గిట్ల చెప్పిండు, నాకు మాటకు మాట యాదున్నది. 'ఒక పని ఎట్ల చెయ్యాల్నో వరుసగ రాసి పెట్టినవనుకోండ్రి. అది చేసుకుంట పోతె ఎన్నడో ఒకనాడు అయిపోతదా, లేకుంటె తిరిగిందే తిరిగి ఎన్నటికి ఆగదా? చెయ్యకముందుకే, ఉత్తగ చూసి, ఏ పనికైనా సరే గీ సంగతి చెప్పే ఉపాయం ఉంటదా, ఉండదా? ఒక పడుసు పిలగాడు గిది అడిగిండు, కూసోని జవాబు గుడ చెప్పిండు' అన్నడు. అందరం ఊ కొట్టినం. చిన్నవ్వ ఊ కొట్టలే. దాని పెనిమిటి గల్ఫు పోయి కంపెనీకెల్లి పారిపోయిండు, చిట్టీ లేదు, ఫోన్ లేదు, ఉన్నడో లేడో ఇయ్యాల్టికీ తెల్వది. అది చేతులున్న ఆకు కింద వెట్టి అడిగింది. 'మహిపాలూ, అంటె, మా ఇంటాయన అస్తడా రాడా అన్నది ఈడ కూసోనే చెప్పచ్చా, చెప్పరాదా అన్నట్టేనా?' మావోడు దాని దిక్కు తిరిగిండు. 'అచ్చం గదే కాదు గని చిన్నవ్వా, దాని పక్కింటిదే' అన్నడు. 'మరి ఆ పిలగాడు ఏం చెప్పిండు?' అన్నది. 'రేపు' అన్నడు. ఒక తునికాకు ముక్క నడుమల వెట్టి బుక్కు మూసిండు.

రేపు లేదు. తెల్లారి లేచేటాల్లకు కండ్లు పచ్చగ. పసిరికలు. అన్నం మింగుతలేడు. జగిత్యాల దవాఖానకు కొంచవోయినం, నేను వాని కాడనే ఉంటి. గదేం చిన్న జ్వరమా, అది తగ్గుకుంట పెరుగుకుంట శానొద్దులు గుంజింది. గీ నడుమల హోటలాయన గది ఖాళీ చెయ్యమన్నడు. మీ బాపు ట్రాలీ ఆటో వేసుకోని సిరిసిల్లకెల్లి అచ్చిండు. ఎవలు పిలిచిండ్రు? ఎవలు పిలువలే, మంచోడు గద, తనే అచ్చిండు. కంప్యూటర్లు ఎవలికో ఇచ్చిండు, కుర్చీలు ఇచ్చిండు, బుక్కులన్ని ఆటోల ఏసుకున్నడు. అంతటితోని ఆగిండా? నా ఇంట్లకచ్చిండు. నేను లేను. గా అర్రల గూట్ల పెట్టిన బుక్కు, తునికాకు వెట్టిన బుక్కు, దాన్ని గుడ తీస్కపోయిండు. చిన్నవ్వ అడ్డం నిలవడ్డదట, 'అన్నా, గది మా దగ్గర ఉండనియ్యి, ఇంక ఒడువలే' అని. 'సదువురాని దానివి, నీకెందుకే బుక్కు' అన్నడట. చేతులు ఇరుగ! ఏం చూస్తున్నవు? మీ బాపునే అంటున్న. నా ముందట ఉంటె నేను ఏమనేదో నీకు చెప్పరాదు.

నువ్వు పుట్టి తెలివచ్చేటాల్లకు మీ బాపు షెడ్డుల సాంచెలు, గవ్వే కరెంటు మగ్గాలు, పాయె గద, నీకు గిది ఎర్క లేదు, చెప్త ఇను. సాంచె ఎనుక పొడుగ్గ రోలర్ ఉంటది, భీము అంటరు. బట్టకు నిలువు దారమంత దానికే చుట్టుకోని ఉంటది. చుట్టేటప్పుడు పొరల నడుమ పొర దిగి దారం తెగకుంట, నడుమ నడుమ కాయితం పరుస్తరు. నేస్తాంటె దారం ఇప్పుకుంటది, గా కాయితం ఒక్కొక్కటి ఎనుక కింద వడుతది. తెలిసిందా? మీ బాపుకు కాయితం తక్కువవడ్డది. ఎదురుంగ బుక్కులున్నయి. దొరల కాయితం, నున్నగ, మందంగ. పాత పంచాంగాలే గద! సింపిండు. పక్క పక్కకు పేర్చి భీముకు చుట్టిండు. మిగిలిన బుక్కులు ముందటి భీములకే పోయినయి, కొన్ని బజ్జీల బండికి గుడ పోయినయట. ఆఖరుది మాది. తునికాకు దులిపి పారేసి ఉంటడు.

మహిపాల్ దవాఖానకెల్లి అచ్చి బుక్కేది అంటె నేను మీ బాపు దగ్గరున్నదన్న. మంచిగనే ఉంటదనుకున్న మరి. సిరిసిల్ల పోయిండు. నేను గుడ ఎంబడి పోయిన, ఒక్కన్ని తోలేటట్టు లేడు అప్పుడు. షెడ్డులకు పోంగనే సాంచె ఎనుక కింద వడ్డ పేజి కనవడ్డది వానికి. వంగి తీసిండు. నూనె మరకలు. అటు ఇటు చూసిండు, భీము దిక్కు చూసిండు. నేను అనుకున్న, ఇగ తిరుపతి మెడకాయ వడుతడు అని. వట్టలే! నవ్విండే. మొకం పచ్చగ, కండ్లల్ల నీళ్లు, నవ్వుతున్నడు. 'అక్కా, ఆఖరు పేజి ముందుగాల అచ్చింది చూడు' అన్నడు. మొదలుకెల్లి సింపిండు గద మీ బాపు, మొదలు చుట్టింది అడుగుకు వోయింది, ఆఖరుది పైన ఉన్నది. పైనున్నదే ముందు ఇప్పుకుంటది. 'గిట్ల ఎందుకైతదో గా బుక్కుల ఒక పాఠమే ఉన్నదే' అన్నడు. నాకు ఒళ్లు మండింది. ఓరి, తిట్టరా, కొట్టరా, పాఠం చెప్తున్నవేందిరా అన్న.

భీము ఇప్పి ఇయ్యి బావా అని అడిగిండు. దారం ఖరాబైతది, కుదరదన్నడు మీ బాపు. నడుపు మరి అన్నడు. గప్పుడు గిరాకి లేదు, సిరిసిల్లల సగం సాంచెలు బందు వడ్డయి, నేసి ఏం చేసుకుందు అన్నడు. మావోడు నేను నేస్త అన్నడు. నేసిండే బిడ్డా! డాక్టర్ మంచం దిగద్దన్నడు, వాడు సాంచె ముందట నిలవడ్డడు. మనం నేతోళ్లమే గద, చిన్నప్పటి పని, చేతులు మరువలే. కరెంటు ఉన్నంత సేపు నేసుడు, పోతె గాడ్నే గోడకు ఒరుగుడు. కింద పేజి వడుతె తుడిచి, సాపు చేసి, ఒక బట్టల చుట్టుడు. మీ బాపు చూసుకుంట నిలవడ్డడు. బట్ట అయితాంది, కూలి లేని నేతగాడు దొరికిండు, ఎందుకు అద్దంటడు?

నడుమల ఒకసారి కోరుట్లకు తీస్కచ్చిన, రెండొద్దులన్న పండుకోని లేస్తడని. బట్ట మూట సంకల వెట్టుకోనే అచ్చిండు. చిన్నవ్వ ఉరికచ్చింది. 'అచ్చిందా పేజి?' అన్నది. 'ఎనుకటియి అచ్చినయి, నడుమలయి ఇంక భీముల్నే ఉన్నయి' అన్నడు. 'ఎనుకటియి అయితేంది, గవ్వే సదువు' అన్నది. సదువ అన్నడు. నడుమలది ఇనకుంట ఎనుకది ఇంటె ఏం లాభం, వరుస తప్పుతది అన్నడు. మల్ల వరుస! నాకు ఆగలే. 'నువ్వు గా బుక్కు అంతకుముందే సదివినోనివే గదరా, నీకు జవాబు ఎర్కే గదరా, నోటితోని చెప్పు. ఉంటదా, ఉండదా, ఒక్క మాట. అది ఎన్నొద్దులకెల్లి నిద్రవోతలేదు' అన్న. చిన్నవ్వ వాని కాళ్ల కాడ కూసున్నది. వాడు చెప్పలే. 'ఉత్త జవాబు చెప్తె చిన్నవ్వ మీద బండేసినట్టైతదక్కా. గా పిలగాడు నడిచిన తొవ్వల మెల్లగ నడిచి పోతె గట్ల ఉండది. కొన్నొద్దులాగుండ్రి, నడుమలయి అస్తయి' అన్నడు. చెప్పనోని మీద ఎంత కోపమచ్చిందో నాకు, ఇయ్యాల్టికి తగ్గలే. మీ బాపు మీద ఉన్నంత ఉన్నది.

మల్ల సిరిసిల్ల పోయిండు. పసిరికలు తిరగవెట్టినయి. సాంచె కాడనే కూలవడ్డడు. నేను పోయేటాల్లకు మాట లేదు, తెల్లారేటాల్లకు మనిషే లేడు.

ఇగ మీ బాపు ఏడుపు చూడాలె. వాడకట్టంత ఇనవడేటట్టు ఏడ్చిండు. మేం ఆడోళ్లం కాటికి పోం గద. అచ్చినోళ్లు చెప్పిండ్రు నాకు, 'నీ మరిది ఎంత మంచోడే పోచవ్వా, మహిపాల్ పానం వెట్టుకున్న కాయితాలు ఎర్రబట్టల కట్టి, వాని రొమ్ము మీద వెట్టి కాల వెట్టించిండు' అని. మూట! వాడు ఒక్కొక్కటి తుడిచి దాసుకున్న మూట! అందరు కండ్లు తుడుసుకున్నరట, ఎంత ప్రేమ అని. నేను దినాలు కాంగనే షెడ్డుకు ఉరికిన, నడుమలయన్న భీముల ఉంటయని. సాంచెలు లెవ్వు. పాత ఇనుము కింద అమ్మిండు. భీము మీది దారం కోసి, కాయితం తోనిసహ చెత్తల కాలవెట్టిండ్రట. అడిగిన నేను, 'తిరుపతీ, గీ పని ఎందుకు చేసినవు' అని. ఏమన్నడో ఎర్కేనా? 'పాత బుక్కే గద వదినే, కావాలంటె కొత్తది కొనిస్త' అన్నడు. కొనిచ్చిండా? ఇయ్యాల లైబ్రరి కట్టిండు, పాపం!

రాసుకో ఇగ. బోర్డు మీద రాయాల్నన్నవు గద, రాయి. మహిపాల్ గారు మెచ్చిన పుస్తకాలు. ఒకటి, తిరుపతి గారు భీముకు చుట్టింది. ఇంకోటి, తిరుపతి గారు బజ్జీల బండికి ఇచ్చింది. ఆఖరుది, తిరుపతి గారు కాష్టం మీద కాలవెట్టింది. రాయవేంది? పెన్ను తియ్యి. పేర్లు నాకేం తెలుస్తయే, ఇంగ్లీషు పేర్లు, అట్టల రంగులు తెలుసు నాకు. ఏడుస్తున్నవా? అయ్యో పిల్లా, నిన్నంటలేనే. నువ్వు ఉయ్యాలల ఉన్నవంటి గద. ఏడువకు, కొంగు తోని తుడుసుకో, ఆకు మీద నీళ్లువడుతయి.

ఏందీ? గసొంటి బుక్కులు నీ ఫోన్ల ఉన్నయా? అచ్చం గదే కాకున్నా, గా పిలగాని ప్రశ్న ఉన్న బుక్కు? ఉన్నదా? నువ్వు పిల్లలకు చెప్పే పాఠమే గదా? అయితె జవాబు నీకు ఎర్కేనా. ఒక్క మాటనేనా. ఉంటదా ఉండదా అన్నది, నువ్విప్పుడు చెప్...

ఆగు. చెప్పకు. నా మీదొట్టు, నోరు తెరువకు.

మొదటి పేజి తియ్యి. మొదటిది, నడుమలకెల్లి కాదు. తెలుగుల చెప్పాలె, గట్టిగ చెప్పాలె, దానికిప్పుడు చెవులు సరిగ్గ ఇనవడయి. ఓ చిన్నవ్వా! చాట వట్టుకోని ఇటు రాయే!